బెంగళూరు టేబుల్, కడప బండ

ప్రశ్న: అక్కా, బెంగళూరులో ఒక షాపులో నల్లరాతి పలక, ఇనుప కాళ్లు ఉన్న కన్సోల్ టేబుల్, అంటే గోడకు ఆనించి పెట్టే సన్నటి బల్ల, చూశాను. ధర 16,500 రూపాయలు. మాది అద్దె ఇల్లు, అంత పెట్టలేను. ఇంట్లో చేసుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: నల్లరాయి కోసం బెంగళూరు దాకా ఎందుకమ్మా, మన వంటింటి గూళ్లలో అరలన్నీ అవే కదా! కడప బండకు పాలిష్ పట్టి కింద కాళ్లు పెడితే ఆ టేబులే. మా హాల్లో ఉన్నదానికి నాకు 2,850 రూపాయలు అయింది. గుజిరీలో పాత కుట్టుమిషన్ స్టాండుకు 1,800, బండ కోతకు 350, రంగూ నూనే కాగితాలకు 500, ఆటోకు 200.

బండ మాత్రం ఊరికే వచ్చింది. ప్రొద్దుటూరులో మా అత్తగారి పాత ఇల్లు పడగొట్టినప్పుడు వంటింట్లో ఊరగాయ జాడీలు పెట్టే అర అది. మీ వీధిలో ఎవరైనా ఇల్లు పడగొడుతుంటే మేస్త్రీని అడగండి, లేదంటే బండల కొట్టులో మిగిలిన ముక్కలు చూడండి. తీసుకునే ముందు రూపాయి బిళ్లతో తట్టండి. ఖంగుమంటే మంచిది. చప్పుడు మొద్దుగా వస్తే లోపల పొర విడిచిందని అర్థం.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక దాదాపు 22 కిలోలు తూగుతుంది. ఇద్దరు పట్టాలి, అదీ నిలువుగా. పళ్లెంలా పడుకోబెట్టి మోస్తే నడుమ పుటుక్కుమంటుంది.

కోత, అంచు కొట్టులోనే చేయించండి. రుద్దడం మన పని. వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, 120 నంబరుతో మొదలుపెట్టి 220, 400, 800 దాకా, నీళ్లు పోస్తూనే రుద్దాలి. పొడిగా రుద్దితే ఆ దుమ్మంతా మన ఊపిరితిత్తుల్లోకే. నాకు రెండు సాయంత్రాలు పట్టింది. కాటుక కలిపినట్టు నల్లనీళ్లు బాత్రూమంతా పారితే మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు! ఒక రోజు ఆరనిచ్చి పెయింట్ల కొట్టులో దొరికే లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, పలచగా రాసి తుడిచేయండి. బూడిదరంగు రాయి కళ్లముందే నల్లబడుతుంది. తుడిచిన గుడ్డను ఉండ చేసి మూల పడేయొద్దు. ఆ నూనె గుడ్డ దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు, మన ఎండల్లో మరీను. తీగ మీద విడిగా ఆరేయండి.

స్టాండు తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, ఒక పూత తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్, పైన నల్ల ఎనామెల్. చక్రాన్ని తీగతో కట్టేయండి, పిల్లల వేళ్లు ఇరుక్కుంటాయి. బండను నేరుగా ఇనుము మీద పెట్టకుండా మధ్యలో ప్లైవుడ్ ముక్క వేసి, సిలికాన్‌తో అతికించండి. ఇల్లు మారేటప్పుడు సిలికాన్‌ను బ్లేడుతో కోస్తే రెండూ విడివిడిగా వస్తాయి.

నేను చేసిన తప్పు చెబుతాను. చేసిన వారంలోనే చుట్టాలొస్తే దాని మీదే నిమ్మకాయ షర్బత్ గ్లాసులు పెట్టాను. మర్నాడు చూస్తే తెల్లటి వలయాలు! కడప బండ సున్నపురాయి జాతిది, పులుపు పడితే తినేస్తుంది. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్, బాత్రూం యాసిడ్ ఏదీ తగలనివ్వొద్దు. సబ్బునీళ్లు చాలు. ఆ వలయాలు పోవడానికి మళ్లీ 400 నంబరు నుంచి రుద్దాను. ఊరగాయ జాడీ నూనె ఇంకిన గుండ్రటి మచ్చ మాత్రం ఎంత రుద్దినా పోలేదు, దాన్ని ఉంచేశాను. వచ్చినవాళ్లు అదేదో డిజైన్ అనుకుంటున్నారు.

ఇక పైన అతికించే మార్బుల్ స్టిక్కర్ల గురించి కూడా అడుగుతారేమో. అసలు రాయి చేతిలో ఉండగా దాని మీద రాయి బొమ్మ ఎందుకు?

ప్రశ్న: చిరిగిన ధర్మవరం పట్టుచీర అంచును ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: భేషుగ్గా. అట్టకు జిగురు పూయకుండా తెల్లటి నూలుగుడ్డ మీద సన్నగా కుట్టించండి, జిగురు కొన్నాళ్లకు పసుపు మరకలై పైకి తేలుతుంది. అద్దం పట్టుకు తగలకూడదు, ఎండ పడే గోడ అసలే వద్దు. కత్తెర వేసేముందు ఆ చీర ఎవరిదో వాళ్లను ఒక మాట అడగండి.