టమాటా మండితే వడ్డీ పెంచాలా?

ప్రశ్న: ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. మానిటరీ ఎకనామిక్స్ పేపరంటేనే టెన్షన్. పాఠంలో కేంద్ర బ్యాంకు డబ్బు సరఫరాను పెంచుతుంది, తగ్గిస్తుంది అంటారు. వార్తల్లో మాత్రం ఎప్పుడూ రెపో రేటు మాటే. అసలు టమాటా ధర పెరిగితే వడ్డీ పెంచి ఏం లాభం మేడమ్?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ముందు టమాటా సంగతి చూద్దామమ్మా. ఈ పేపరుకు ప్రాణం అక్కడే ఉంది.

2023 జులై గుర్తు తెచ్చుకో. మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా వంద దాటింది. ఆ నెల చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతం. రిజర్వు బ్యాంకుకు ప్రభుత్వం పెట్టిన లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. జులై లెక్క ఇంకా బయటికి రాకపోయినా, కూరగాయలు మండుతున్నాయని వడ్డీ రేటు నిర్ణయించే రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీకి తెలుసు. అయినా ఆగస్టు 10న రెపోను, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే స్వల్పకాలిక అప్పు మీద వడ్డీని, 6.5 శాతం దగ్గరే ఉంచింది. వడ్డీ పెంచినంత మాత్రాన పంట ముందుగా చేతికి రాదు కదా! కొత్త పంట దిగింది, ధర తగ్గింది. అక్టోబరుకు ద్రవ్యోల్బణం 4.87కు వచ్చింది.

దీని పక్కనే 2022ను పెట్టి చూడు. ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79. కమిటీ అనుకున్న తేదీ దాకా ఆగకుండా మే 4నే రెపోను 4 నుంచి 4.40కి పెంచింది. 2023 ఫిబ్రవరికల్లా అది 6.5 అయింది. అప్పుడు ఆహారం, ఇంధనం తీసేసి లెక్కేసినా ధరలు 6 శాతం దరిదాపుల్లో పెరుగుతున్నాయి. అంటే సెగ రవాణాకు, హోటల్ బిల్లుకు, బట్టలకు పాకింది. ధరలు ఇంకా పెరుగుతాయని జనం నమ్మితే అద్దెలు, కూలి రేట్లు కూడా ఆ లెక్కనే అడుగుతారు. వడ్డీకి పని పడేది అక్కడ: అప్పు ఖరీదైతే జనం ఖర్చు తగ్గి, ఆ పరుగు నెమ్మదిస్తుంది. ఒక్క సరుకు ధర పెరిగిందా, పెరుగుదల మిగతావాటికి పాకిందా అన్నదే నువ్వు ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న.

ఇక డబ్బు సరఫరా. అదే ఆగస్టు 10న ఇంకొకటి జరిగింది. రెండు వేల నోట్లు ఉపసంహరించడంతో బ్యాంకుల్లో డబ్బు పోగుపడింది. మే 19 నుంచి జులై 28 దాకా పెరిగిన డిపాజిట్లపై అదనంగా 10 శాతం సీఆర్‌ఆర్ (బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర తప్పనిసరిగా ఉంచాల్సిన నగదు) కట్టమన్నారు. రేటు ముట్టుకోలేదు, మిగులు డబ్బును మాత్రం లాగేశారు. ఇవాళ్టి పద్ధతి ఇదే: ముందు రేటు నిర్ణయిస్తారు. బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పు ఆ రేటు దగ్గరే ఉండేలా డబ్బు పారిస్తారు, లాగుతారు. డబ్బు సరఫరానే లక్ష్యంగా పెట్టుకోవాలని రిజర్వు బ్యాంకు వేసిన చక్రవర్తి కమిటీ 1985లో చెప్పింది. మీ పాఠంలోని ఎల్‌.ఎం. గీత, అంటే డబ్బు సరఫరా ఇంత అని అనుకుని ఆదాయానికీ వడ్డీకీ ఉన్న సంబంధం చూపే గీత, ఆ కాలానికి సరిపోతుంది. ఇప్పటి రిజర్వు బ్యాంకుకు గీయాలంటే దాన్ని అడ్డంగా, రెపో ఎత్తున గియ్యి.

ద్రవ్య విధాన కమిటీ మినిట్స్ (సమావేశంలో ఎవరేమన్నారో రాసిన నివేదిక) సమావేశమైన పద్నాలుగో రోజున రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్లో పెడతారు. ఆరుగురూ ఎవరి కారణం వాళ్లు రాస్తారు. గైడ్ల కన్నా ఇవి వెయ్యి రెట్లు నయమని నా గట్టి నమ్మకం. ఆగస్టు 2023వి తీసుకో. రేటు మీద ఆరుగురిదీ ఒకే మాట, వైఖరి (ముందుముందు రేటు ఎటు పోవచ్చో చెప్పే మాట) మీద మాత్రం ఒక సభ్యుడు ఒప్పుకోలేదు. ఆయన కారణం చదివి, నువ్వు ఎవరి పక్షమో ఒక పేజీ రాసి మీ లెక్చరర్‌కు చూపించు.