నీళ్లు తేటపడినా చెరువు బురదను నమ్మొద్దు

ప్రశ్న: మాది పటాన్‌చెరు దగ్గర నక్కవాగు పక్క ఊరు. మొన్నటి వానకు వాగు నీళ్లు నురగతో చెరువులోకి వచ్చాయి. తెల్లారేసరికి చేపలు తేలాయి. ఇప్పుడు నీళ్లు తేటగానే ఉన్నాయి. మిగిలిన చేపలు పట్టి అమ్మొచ్చా? ఎండాకాలంలో పూడిక మట్టి పొలానికి తోలుకోవచ్చా?
– ఓ రైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: పరీక్ష చేయించేదాకా రెండూ వద్దు. మీ నష్టం తెలిసే చెబుతున్నాను.

ముందు ఏ చేపలు చచ్చాయో గుర్తు చేసుకోండి. బొచ్చె, రోహు లాంటివి తెల్లవారుజామున పైకొచ్చి నోళ్లు తెరుస్తూ చనిపోతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందనుకోవచ్చు. కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. అది కూడా వాటితోపాటే చచ్చి తేలితే విషాన్ని గట్టిగా అనుమానించాలి.

కొత్త నీరు వస్తే చెరువు తేటపడుతుంది. కానీ సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లాంటి విషపు భారలోహాలు బంకమట్టికి అంటుకుని అడుగున ఉండిపోతాయి. మీ ప్రాంతంలో మందుల అవశేషాల గొడవ కూడా ఉంది. పటాన్‌చెరు మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేశాక కూడా, లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. బంగారు తీగ, మ్రిగాల బురదలోనే మేస్తాయి కాబట్టి వాటికి ముప్పు ఎక్కువ. లోహాలు చేప ఒంట్లో చేరాక ఉప్పు, పసుపు వేసి ఎంత కడిగినా, ఎంత ఉడికించినా పోవు.

పూడిక మామూలుగా పొలానికి బలమే, మీ చెరువు సంగతి వేరు. ఆరబెడితే బురదలో బంధించి ఉన్న కాడ్మియం లాంటివి కరిగే రూపంలోకి మారతాయి. అదే మట్టి వరి మడిలో పడి నీళ్లు నిలిస్తే ఆర్సెనిక్ విడుదలై గింజలోకి చేరుతుంది. ఒకసారి పొలంలో కలిపాక వెనక్కి తీయలేం.

చేపలు మళ్లీ తేలితే ఆ గంటే ముఖ్యం. కుళ్లిన చేప పరీక్షకు పనికిరాదు. కొన ఊపిరితో ఉన్నవాటిని శుభ్రమైన కవర్లో వేసి ఐస్‌లో పెట్టండి. సీసాలో నీళ్లు గాలి లేకుండా నిండా పట్టండి. వాగు కలిసే చోట పై 5 సెంటీమీటర్ల బురదను ప్లాస్టిక్ గరిటెతో తీయండి. ఫొటోలు, టైమ్ రాసుకుని మత్స్యశాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి అదే రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. మత్స్యకారుల సొసైటీ పేరు మీద ఇస్తే ఇంకా మంచిది.

మట్టిని పరీక్షకు ఇచ్చేటప్పుడు ‘భారలోహాలు చూడాలి’ అని ప్రత్యేకంగా రాయండి, మామూలు భూసార పరీక్షలో అవి చూడరు. చచ్చిన చేపలను కోళ్లకు వేయకుండా చెరువుకు, బోర్లకు దూరంగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. రిపోర్టు వచ్చేదాకా పశువులను ఆ నీళ్లకు తోలకండి.