రోబోకి కళ్లు లేకపోతే ఎలా?

ప్రశ్న: మా అబ్బాయి పాలిటెక్నిక్ అయ్యాక కార్ల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాడు. వెల్డింగంతా రోబో చేతులే చేస్తాయట, వాటికి కళ్లు కూడా ఉండవట. మరి ప్రతిసారీ అదే చోట ఎలా వేస్తాయి? వాటి దగ్గర పని ప్రమాదమా?
– ఒక తల్లి, హిందూపురం

జవాబు: మీవాడు చెప్పింది నిజమేనమ్మా. నేను పందొమ్మిదేళ్లు కారు బాడీలు వెల్డింగ్ చేసే బాడీ షాపులో మెయింటెనెన్స్ చూశాను. మా వెల్డింగ్ రోబోల్లో ఒక్కదానికీ కెమెరా లేదు.

అది చూసి చేయదు, గుర్తుపెట్టుకుని చేస్తుంది. ముందు ఓ మనిషి టీచ్ పెండెంట్ అనే పెద్ద రిమోట్ పట్టుకుని చేతిని మెల్లగా నడిపిస్తాడు. వెల్డింగ్ గన్ సరైన చోటికి రాగానే ఆ పాయింటు సేవ్ చేస్తాడు. ఆరు కీళ్లూ ఎంతెంత తిరిగి ఉన్నాయో, ఆ లెక్కే దాని జ్ఞాపకం. ప్రతి కీలుకీ చెప్పినంతే తిరిగే ఒక సర్వో మోటారు, వేగం తగ్గించి బలం పెంచే గేర్‌బాక్సు, ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడరు ఉంటాయి.

ఆరే ఎందుకంటే, గన్ కొనను ఒక చోటికి చేర్చడానికి మూడు, అక్కడ కావాల్సిన వాలుకి తిప్పడానికి మూడు. మన చేతికి లెక్క ఏడు. అరచేతిని బల్ల మీద ఆనించి, భుజం కదపకుండా మోచేతిని ఆడించి చూడండి, ఆడుతుంది. మా రోబోలకి ఆ సుఖం లేదు. అంతరిక్ష కేంద్రం మీదున్న 17.6 మీటర్ల కెనడార్మ్2 అనే రోబో చేతికి మాత్రం ఏడున్నాయి.

చూడదు కాబట్టే చిక్కు. ఒకసారి మా దగ్గర రేకును పట్టే ఫిక్చర్‌లో పిన్ను అరిగి, రేకు మూడు మిల్లీమీటర్లు జరిగింది. రోబో తన పాయింట్ల దగ్గరే షిఫ్టంతా వెల్డింగ్ వేసుకుంటూ పోయింది. మేమేమో సగం రోజు పాపం దాన్నే అనుమానించాం!

ఇక ప్రమాదం సంగతి. 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ప్లాంటులో మొదటి రోబో చేతికి అప్పగించిందే మనుషులకు ప్రమాదమైన పని, కాలే పోత ముక్కల్ని ఎత్తిపెట్టడం. ఇప్పుడు చుట్టూ కంచె ఉంటుంది, తలుపు తీస్తే ఆగిపోతుంది. నేర్పేటప్పుడు లోపలికి వెళ్లక తప్పదు. అప్పుడు సెకనుకు 250 మిల్లీమీటర్ల వేగం దాటనివ్వరు. పెండెంట్ వెనక స్విచ్ సగం నొక్కి ఉంచితేనే చెయ్యి కదులుతుంది. వదిలేసినా, భయపడి గట్టిగా పిండేసినా ఆగుతుంది.

నాకు టెన్షన్ పెట్టేది కదిలే రోబో కాదు, నిలబడ్డ రోబో. అది చెడిపోయి ఆగలేదు, తర్వాతి బాడీ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. లోపలికి వెళ్లేముందు, తెరిచిన తలుపు ఎవరూ మూయకుండా దానికి తన తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోమనండి. ఫ్రెండుకి కూడా ఇవ్వొద్దనండి.