రేంజిలో పోగైన ఖాళీ తూటాలను ఇంట్లో ఉంచుకోవచ్చా, తుక్కుకు అమ్మవచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్. మా అమ్మాయి రెండేళ్లుగా ఒక షూటింగ్ రేంజిలో 25 మీటర్ల పిస్టల్ సాధన చేస్తోంది. కాల్చిన పాయింట్ 22 తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలను సరదాగా ఇంటికి తెస్తూ వచ్చింది. నాకు లైసెన్సు ఉన్న పాయింట్ 32 రివాల్వర్ ఉంది. దాంతో రేంజిలో కాల్చిన ఖాళీలను కూడా అదే పెయింటు డబ్బాలో వేశాను. డబ్బా నిండడంతో పాత సామాన్ల దుకాణానికి తీసుకెళితే, యజమాని చూసి ‘పోలీసు కేసవుతుంది, మాకొద్దు’ అన్నాడు. వీటిని ఇంట్లో ఉంచుకోవడం నేరమా? అమ్మితే తప్పా? కొన్నింటితో కీచెయిన్లు చేయించి బెంగళూరులోని మా తమ్ముడి పిల్లలకు విమానంలో తీసుకెళ్లాలని అమ్మాయి ముచ్చటపడుతోంది. ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ఆ దుకాణదారు భయం పూర్తిగా నిరాధారమైనది కాదు, అలాగని ఆయన అన్నంత ప్రమాదమూ లేదు. పూర్తిగా కాలిపోయిన ఖాళీ గొట్టం ఇంట్లో ఉన్నంత మాత్రాన శిక్ష పడదు. అయితే అది చట్టం కంటికి అసలే ఆననిది కాదని, చట్టంలో ఉన్న ఒక మినహాయింపు వల్లనే అది నిరపాయమవుతోందని మీరు గ్రహించాలి. ఆ మినహాయింపు మీ ఉద్దేశం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఆ ఉద్దేశం మీ నడవడిలో కనిపించేలా చూసుకోవడమే ఇక్కడ అసలు పని.

ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 2(1)(బి) మందుగుండును చాలా విశాలంగా నిర్వచించింది. పేలుడు పదార్థాన్ని నింపడానికి తయారైన వస్తువులతో పాటు, మందుగుండు ‘భాగాలు’ కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. ఖాళీ గొట్టం తూటాలో ఒక భాగమే గనుక, అక్షరాలా చదివితే అది కూడా మందుగుండే అని వాదించడానికి పోలీసులకు అవకాశం ఉంది. ఈ వాదనకు అదే చట్టంలోని సెక్షన్ 45(డి) అడ్డుపడుతుంది. ఆయుధాలకు లేదా మందుగుండుకు చెందిన చిన్న భాగాలను, తన దగ్గర గాని మరొకరి దగ్గర గాని ఉన్న తక్కిన భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకుండా సంపాదించినా, ఉంచుకున్నా, వెంట తీసుకెళ్లినా ఈ చట్టం వర్తించదని ఆ నిబంధన చెబుతోంది. తుపాకి లేకుండా ఒకే ఒక్క తూటా దొరికిన సందర్భంలో కూడా ఢిల్లీ హైకోర్టు 2012లో ఇదే నిబంధన కింద కేసును కొట్టివేసింది. ఆ తీర్పును తెలంగాణ హైకోర్టు పాటించి తీరాలన్న నియమం లేదు, కాని మన వాదనకు బలం చేకూర్చడానికి పనికొస్తుంది.

మీ విషయంలో చిక్కంతా ‘తక్కిన భాగాలు’ అన్న మాట దగ్గరే ఉంది. పాయింట్ 22 గొట్టాలతో పెద్దగా పేచీ లేదు. వాటిలో నిప్పు పుట్టించే మందు అడుగు అంచులోనే ఉండి, తుపాకిలోని పిన్ను తగిలిన చోట అంచు నొక్కుకుపోతుంది కాబట్టి వాటిని మళ్లీ నింపడం మామూలుగా ఎవరికీ సాధ్యం కాదు. పాయింట్ 32 గొట్టం అలా కాదు. దాని అడుగు నడుమ ఉండే చిన్న క్యాపును తీసి కొత్తది అమర్చి, మందు, గుండు పెట్టి మళ్లీ వాడుకోవడానికి వీలుంది. మీ దగ్గర ఆ గొట్టం సరిపోయే రివాల్వర్ కూడా ఉంది. పొరపాటున ఇంట్లో తుపాకి మందో, కొత్త క్యాపులో, నింపే పరికరమో కూడా దొరికితే సెక్షన్ 45(డి) మిమ్మల్ని కాపాడదు. అనుమతి లేకుండా తూటాలు నింపడం సెక్షన్ 5 కింద తయారీ అవుతుంది. 2019 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత దానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. అందువల్ల పాయింట్ 32 గొట్టాల మూతిని పట్టకారుతో నొక్కేయండి, లేదా సుత్తితో చదును చేయండి. వాటిని మళ్లీ వాడే ఉద్దేశం మీకు లేదనడానికి అంతకంటే తేలికైన రుజువు నాకు తోచడం లేదు.

అయితే చదును చేయడానికి ముందే చేయవలసిన ముఖ్యమైన పని మరొకటి ఉంది. ఆ డబ్బాను ఒక పాత దుప్పటి మీద పరిచి, గొట్టాలను ఒక్కొక్కటిగా మూతివైపు నుంచి చూడండి. రేంజిలో అప్పుడప్పుడు పిన్ను తగిలినా పేలకుండా తుస్సుమన్న తూటాలు ఉంటాయి. వాటి అంచు మీద నొక్కు పడి ఉంటుంది కాబట్టి అడుగు వైపు నుంచి చూస్తే కాలిన గొట్టంలాగే కనిపిస్తాయి, కాని ముందు భాగంలో సీసపు గుండు అలాగే ఉంటుంది, లోపల మందూ ఉంటుంది. చట్టం దృష్టిలో అది ఖాళీ కాదు, అసలైన తూటా. మీ రివాల్వర్ లైసెన్సు పాయింట్ 22 తూటాలకు వర్తించదు. లైసెన్సు లేకుండా మందుగుండు కలిగి ఉంటే సెక్షన్ 25(1బి)(ఎ) కింద రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. తెలియక మీ దగ్గర ఉండిపోయిన తూటాకు శిక్ష లేదనడానికి ఆధారం ఉంది. ‘కలిగి ఉండడం’ అంటే స్పృహతో కలిగి ఉండడమని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1994లో సంజయ్ దత్ కేసులో స్పష్టం చేసింది. లైసెన్సు ఉండాలనే సెక్షన్ 3ను ఉల్లంఘించారన్న కేసును నడపాలంటే సెక్షన్ 39 ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కూడా తప్పనిసరి. కాని ఈ రక్షణలన్నీ ఎఫ్ఐఆర్ నమోదయ్యాక పనికొచ్చేవే. డబ్బా వెతకడానికి పట్టేది ఒక సాయంత్రం. తుస్సుమన్నది దొరికితే దాన్ని కొట్టకుండా, విప్పకుండా, చెత్తలో వేయకుండా, ముందుగా రేంజి అధికారికి ఫోన్ చేసి, వారి సూచన ప్రకారం అప్పగించి, రసీదు తీసుకోండి.

వెతికేటప్పుడు అడుగు మీది ముద్రలను కూడా గమనించండి. 9 ఎంఎం వంటి నిషిద్ధ బోరు (మామూలు పౌరులకు లైసెన్సు ఇవ్వని తుపాకి కొలత) గొట్టాలు గాని, సైన్యం వాడే 5.56, 7.62 ఎంఎం గొట్టాలు గాని కలిసి ఉంటే, అవి ఎక్కడివన్న ప్రశ్న వేరే రకంగా ఉంటుంది. అలాంటివి ఉంటే వాటిని ఎక్కడికీ తీసుకెళ్లకుండా ముందు ఒక న్యాయవాదితో మాట్లాడండి.

ఇక ఆ ఇత్తడి ఎవరి సొత్తు? చాలామంది అడగని ప్రశ్న ఇది. మీ అమ్మాయి కాల్చిన తూటాలకు మీరు డబ్బు చెల్లించి ఉండవచ్చు, కాని ఖాళీలు క్లబ్బుకే చెందుతాయని రేంజి నియమాల్లో ఉంటే, అనుమతి లేకుండా తేవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 కింద దొంగతనమనే ఆరోపణకు దారితీయవచ్చు. అది దొంగసొత్తని తెలిసి కొన్నవాడికి సెక్షన్ 317 వర్తిస్తుంది. మీ దుకాణదారు మనసులో ఉన్నది బహుశా ఈ సెక్షనే. కోచ్ నోటిమాటగా ‘తీసుకెళ్లమ్మా’ అని ఉంటే, అదే మాటను క్లబ్బు లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాల్లో రాయించుకోండి.

మీ రివాల్వర్ ఖాళీల విషయంలో తొందరపడవద్దు. ఒకేసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సులో రాసి ఉంటుంది. కొత్తవి కొనేటప్పుడో, రెన్యువల్ సమయంలోనో పాతవి ఎలా ఖర్చయ్యాయని అధికారులు అడగడం, కొన్ని చోట్ల ఖాళీలు చూపమనడం ఉంది. మీకు లైసెన్సు ఇచ్చిన కార్యాలయం పద్ధతి కనుక్కునే దాకా, కాల్చిన తేదీ, రేంజి పేరు, సంఖ్య ఒక పుస్తకంలో రాసి వాటిని విడిగా ఉంచండి. చదును చేయడం కూడా ఆ తర్వాతే. ఈ సలహా రేంజిలో కాల్చిన వాటికి మాత్రమే. ఆత్మరక్షణలోనో, పెళ్లి ఊరేగింపులోనో పేలిన తూటా గొట్టం సాక్ష్యమవుతుంది. పిన్ను గుర్తును బట్టి అది ఏ తుపాకిదో ఫోరెన్సిక్ నిపుణులు పోల్చగలరు. దాన్ని మాయం చేస్తే న్యాయ సంహిత సెక్షన్ 238 కింద మరో నేరం తోడవుతుంది.

అమ్మకం విషయానికి వస్తే, నా సలహా విడిగా ఉంచిన రివాల్వర్ ఖాళీలు పోను తక్కిన డబ్బాను క్లబ్బుకే తిరిగి ఇచ్చేయమని. పాయింట్ 22 గొట్టాలు వెయ్యి కలిపినా కిలో తూగవు. ఆ కొద్దిపాటి సొమ్ము కోసం ప్రతి దుకాణదారుకూ సంజాయిషీ చెప్పుకోవడం దండగ. అయినా అమ్మదలిస్తే, క్లబ్బు ఉత్తరం నకలు, మీ గుర్తింపు పత్రం జతచేసి, చదును చేసిన ఇత్తడిని లోహపు తుక్కుగా బిల్లు ఇచ్చే వ్యాపారికే ఇవ్వండి. ఒక్క పేలని తూటా కొలిమిలో పడినా కరిగించే కూలీకి ప్రాణాపాయం. గొట్టాల లోపలి మసిలో సీసం ఉంటుంది కాబట్టి, వాటిని ముట్టుకున్నాక అమ్మాయిని సబ్బుతో చేతులు కడుక్కోమనండి.

కీచెయిన్లు చేయించుకోవడంలో తప్పు లేదు, గొట్టానికి రంధ్రం చేస్తే అది తూటాగా పనికిరాదు. విమానంలో మాత్రం చేతిసంచిలోనూ, చెకిన్ పెట్టెలోనూ పెట్టవద్దు. ఎక్స్‌రే తెర మీద అది తూటా ఆకారమే. భద్రతా సిబ్బంది పక్కకు పిలిచి, అనుమానం తీరకపోతే విమానాశ్రయ పోలీసులకు అప్పగిస్తారు. చివరికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 528 కింద హైకోర్టులో కేసు కొట్టేయించుకోవచ్చు గాని, ఈలోగా విమానం వెళ్లిపోతుంది, పాస్‌పోర్టు దరఖాస్తులో ఆ కేసు గురించి రాయవలసి వస్తుంది. తమ్ముడి పిల్లలు సెలవులకు మీ ఇంటికి వచ్చినప్పుడు ఇవ్వండి, వాళ్లు తిరిగి వెళ్లేది కూడా విమానంలో కాకుండా చూసుకోండి. రేంజికి తీసుకెళ్లే సంచిని ప్రయాణాలకు అసలు వాడవద్దు. విమానాశ్రయాల్లో పట్టుబడే తూటాలు తరచుగా అలాంటి సంచుల పక్క అరల్లో మరిచిపోయినవే.