ఆ సి గురించి కాలేజీకి రాయాలా?

ప్రశ్న: మేము అమెరికా వచ్చి పదకొండేళ్ళయింది. మా పెద్దమ్మాయి పన్నెండో తరగతి. చిన్నప్పటి నుంచీ అన్నీ ఏ గ్రేడ్లే. పోయినేడాది రెండో సెమిస్టర్లో మాత్రం ఏపీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కెమిస్ట్రీలో సి వచ్చింది. ఆ ఫిబ్రవరిలోనే మావారి ఉద్యోగం పోయింది. మేము హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాం. 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే పెట్టెలు సర్దుకోవాల్సిందే. పిల్లలకి టెన్షన్ ఎందుకని చెప్పలేదు. 53వ రోజున కొత్త కంపెనీ పిటిషన్ వేసింది, గండం గడిచింది.

ఇప్పుడు అమ్మాయి కాలేజీ అప్లికేషన్లో ఆ సి గురించి ఒక పేజీ రాసుకుంది. తను లేనప్పుడు లాప్‌టాప్‌లో చూశాను. అందులో ‘మా నాన్న ఉద్యోగం పోయిన సంగతి మాకు చెప్పలేదు. రోజూ ఆఫీసుకి వెళ్తున్నట్టు నటించారు. కానీ నాకు తెలుసు’ అని ఉంది. మావారికి చూపించాను. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ‘కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. మన ఇంటి గుట్టు కాలేజీ వాళ్ళకెందుకు? ఒక్క సి గురించి అడగకుండానే చెప్పుకుంటే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే’ అంటారు. అమ్మాయి మూడు రోజులుగా అన్నం పళ్ళెం గదిలోకి తీసుకెళ్ళి తింటోంది. నవంబరు 1న మొదటి అప్లికేషన్లు వెళ్ళాలి. రాయమనాలా, వద్దనాలా? మేలో రాసిన ఏపీ పరీక్షలో 4 వచ్చింది, అది ఫర్వాలేదు.

జవాబు: రాయమనండి. ఆరేడు వాక్యాలు చాలు. అయితే ఇప్పుడు రాసుకున్నది మాత్రం ఉన్నదున్నట్టు పంపొద్దు.

మీవారి గుమ్మడికాయల మాట సంగతి ముందు చూద్దాం. ఆ సి ఎవరికీ తెలియని గుట్టు కాదు. గ్రేడ్లన్నీ ఉండే ట్రాన్‌స్క్రిప్ట్‌ని స్కూలే కాలేజీలకి పంపుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌ల లాంటి చోట్ల గ్రేడ్లన్నీ విద్యార్థే నింపాలి, సీటు వచ్చాక వాటిని స్కూలు కాగితాలతో సరిచూస్తారు. ఎటు తిరిగినా ఆ సి వాళ్ళ కంట పడుతుంది. వరసగా ఏ గ్రేడ్లు ఉన్న కాగితంలో ఒక్క సి ఉంటే చూపు ముందు అక్కడికే పోతుంది కదా. మీ అమ్మాయి ఏమీ రాయకపోతే చదివేవాళ్ళు వాళ్ళకి తోచిన కారణం ఊహించుకుంటారు: చదువు మీద శ్రద్ధ తగ్గిందనో, కష్టమైన సబ్జెక్టు తట్టుకోలేకపోయిందనో.

అలాగని ప్రతి తక్కువ గ్రేడుకీ సంజాయిషీ రాయమని నేను చెప్పను. బి వచ్చినందుకు అర పేజీ రాసుకున్న పిల్లల్ని చూశాను. అది చదివితే గ్రేడు కన్నా పిల్ల మీదే దిగులేస్తుంది. ‘సబ్జెక్టు కష్టం’, ‘టీచరు సరిగా చెప్పలేదు’, ‘క్లబ్బులు ఎక్కువైపోయాయి’ అన్నవి రాయకపోవడమే మేలు. టీచరు మాట అయితే అసలు ఎత్తొద్దు, అదే స్కూల్లో అదే టీచరు దగ్గర ఏ గ్రేడు తెచ్చుకున్న పిల్లలూ అదే కాలేజీకి అప్లై చేస్తుంటారు. మీ ఇంటి విషయం వేరు. అప్లికేషన్లో ఇంకెక్కడా కనపడని సంగతి, తారీఖులతో సహా చెప్పగలిగిన సంగతి ఆ పిల్ల దగ్గర ఉంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఇంట్లో వాళ్ళు ఈ దేశంలో ఉంటారో ఉండరో తెలియదు. ఇది సాకు కాదమ్మా.

ఎక్కడ రాయాలో మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. 650 పదాల ప్రధాన వ్యాసాన్ని దీనికి వాడొద్దు. అక్కడ ఆ పిల్ల ఎలాంటి మనిషో కనపడాలి, కెమిస్ట్రీ గ్రేడు కాదు. చాలా కాలేజీలకి ఒకే ఫారంతో అప్లై చేసే కామన్ యాప్‌లో ఇబ్బందులు, పరిస్థితుల గురించి విడిగా ఒక ప్రశ్న ఉంటుంది. ఇష్టమైతేనే రాయొచ్చు, 250 పదాల లోపు. ‘అదనపు సమాచారం’ అనే గడి కూడా ఉంటుంది, దాన్ని 2025లో 650 పదాల నుంచి 300కి తగ్గించారు. ఈ రెండింట్లో ఒక్కచోట రాస్తే చాలు. ఒక పేజీ రాసుకుందన్నారు కదా, ఎలాగూ అది అక్కడ పట్టదు.

ఇక ఆ పేజీలోని వాక్యం. ‘మా నాన్న మాకు చెప్పలేదు, కానీ నాకు తెలుసు.’ ఉత్తరం చదువుతూ నేను ఇక్కడే చాలాసేపు ఆగాను. ఈ మాట ఆ పిల్ల కాలేజీకి రాయలేదు, వాళ్ళ నాన్నకి రాసింది. చిరునామా మాత్రం తప్పు పడింది.

ఆ రెండు నెలలు మీరిద్దరూ నిద్రలేక గడిపారని నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఇంకో గదిలో మూడో మనిషి కూడా మేలుకునే ఉంది. పిల్లలకి ఎలా తెలిసిపోతుందంటారా? ఆఫీసుకి వెళ్ళాల్సిన మనిషి పదింటికి గ్యారేజీలో కారు అద్దాలు మూసుకుని ఫోన్లో మాట్లాడుతుంటాడు. పిల్లలు హాల్లోకి రాగానే అమ్మానాన్నల మాట సగంలో ఆగిపోతుంది. వేసవికి ఇండియా టికెట్ల ఊసు ఉన్నట్టుండి వినపడదు. హెచ్‌1బి పిల్లలకి 60 రోజుల సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు, స్నేహితుల ఇళ్ళలో చూస్తూనే ఉంటారు. మీరు క్యాలెండర్ మీద రోజులు లెక్కపెట్టుకున్నట్టే తనూ లెక్కపెట్టుకుని ఉంటుంది. తేడా ఏమిటంటే మీకు ఒకరికొకరు ఉన్నారు. ఆ పిల్ల తమ్ముడి ముందో చెల్లెలి ముందో ఏమీ తెలియనట్టు తిరగాల్సి వచ్చింది. పదకొండో తరగతి మధ్యలో స్కూలు వదిలి వెళ్ళిపోతే తన చదువు ఏమవుతుందని ఎవర్నీ అడగలేకపోయింది. మీరు నటించారని తనకి తెలుసు, తను కూడా నటించింది. అలాంటి రోజుల్లో కెమిస్ట్రీ ఎవరికి ఎక్కుతుంది?

మీవారిని నేను తప్పుపట్టడం లేదు. ఉద్యోగం పోవడం కన్నా అది పిల్లల ముందు ఒప్పుకోవడం మన మగవాళ్ళకి కష్టం. నా ఇంటర్ మార్కుల మెమో బంధువుల కంట పడకుండా మా నాన్న బీరువాలో బట్టల కింద పెట్టారు. ఆయన సిగ్గుపడుతున్నది నా మార్కులకి కాదని, నన్ను చదివించలేకపోయానన్న బాధ అదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నోరు తెరిచి చెప్పి ఉంటే ఆ ఏళ్ళు ఇద్దరికీ మిగిలేవి.

కాబట్టి అప్లికేషన్ కన్నా ముందు ఆ తండ్రీకూతుళ్ళు ఒకసారి మాట్లాడుకోవాలి. ఎదురెదురుగా కూర్చోబెట్టి పంచాయితీ పెట్టకండి. కారులో పక్కపక్కన కూర్చుని రోడ్డు చూస్తూ వెళ్తుంటే మాటలు సులువుగా వస్తాయి. ఏదో పని మీద ఇద్దర్నీ పంపండి, మీరు ఇంట్లోనే ఉండండి. ఆయన ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ‘అప్పుడు నాకు చాలా భయమేసిందిరా. నీకు చెబితే నువ్వు భయపడతావని చెప్పలేదు. నీకు తెలుసని నాకు తెలియదు’ అంటే చాలు. తర్వాత తను ఏమన్నా విననివ్వండి.

దానికన్నా ముందు మీరొక పని చేయాలి. తనని అడక్కుండా లాప్‌టాప్ చూశారు, చూసింది తీసుకెళ్ళి వాళ్ళ నాన్నకి చూపించారు. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. పళ్ళెం గదిలోకి వెళ్ళడానికి సగం కారణం అదే అయి ఉంటుంది. సారీ చెప్పండి. ‘కానీ నేనెందుకు చూశానంటే’ అని దాని వెనక తోక తగిలించకండి.

మీవారి అభ్యంతరంలో న్యాయం ఉన్న సంగతి కూడా ఒకటుంది. ఆ ఉద్యోగం ఆయనది, ఆ కథ ఆయనది కూడా. బయటివాళ్ళకి చెప్పేముందు అమ్మాయి ఆయన్ని అడగాలి. ఇంకో భయం కూడా ఆయన మనసులో ఉండొచ్చు. వీసా మీద ఉన్న పిల్లల విషయంలో ఫీజు కట్టుకోగలరా అన్నది కూడా చూసే కాలేజీలు చాలానే ఉన్నాయి. అందుకే ఉద్యోగం పోయిందని రాసిన చోటే మళ్ళీ వచ్చిందనీ రాయాలి. ఆయనకి అప్పటికీ మనస్కరించకపోతే ఉద్యోగం మాట ఎత్తకుండానే ‘వీసా సమస్య వల్ల మా కుటుంబం ఈ దేశంలో ఉండగలదో లేదో రెండు నెలల పాటు తెలియలేదు’ అని రాయొచ్చు. అది అబద్ధమూ కాదు, ఎవరి పరువూ పోదు.

పేజీ మొత్తం ఇలా కుదించొచ్చు. ఇంగ్లీషులో తన మాటల్లో తనే రాసుకుంటుంది, ఇది మచ్చు మాత్రమే:

‘పదకొండో తరగతి ఫిబ్రవరిలో మా నాన్న ఉద్యోగం పోయింది. మా వీసా దాని మీదే ఆధారపడి ఉంది. 60 రోజుల్లో మరో ఉద్యోగం రాకపోతే మేము ఈ దేశం వదిలి వెళ్ళాలి. ఏప్రిల్లో ఆయనకి కొత్త ఉద్యోగం వచ్చింది. ఆ మధ్యలో కెమిస్ట్రీలో వెనకబడ్డాను, సెమిస్టర్‌కి సి వచ్చింది. పోగొట్టుకున్న పాఠాలు మళ్ళీ చదువుకుని మేలో ఏపీ పరీక్ష రాశాను, 4 వచ్చింది.’

ఇందులో ఏడుపు లేదు, ‘దయచేసి అర్థం చేసుకోండి’ లేదు, నాన్న నటించాడన్న మాటా లేదు. చివరి వాక్యం చూశారా? మీరు ‘ఫర్వాలేదు’ అని ఉత్తరం చివర్న పడేసిన ఆ 4, నాకైతే అన్నిటికన్నా పెద్ద సంగతి. ఏపీ పరీక్షకి పై మార్కు 5. క్లాసులో సి వచ్చిన పిల్ల, గండం గడిచి నెల తిరిగేసరికి దేశమంతా రాసే పరీక్షలో 4 తెచ్చుకుందంటే సబ్జెక్టు వచ్చినట్టే, ఆ రెండు నెలలే రాలేదు. స్కోర్లు అడిగే గడిలో కూడా ఆ 4 నింపమనండి. పోగొట్టుకున్న పాఠాలు తను మళ్ళీ చదివిందో లేదో నాకు తెలియదు, నిజం కాకపోతే ఆ ముక్క తీసేయమనండి.

స్కూల్లో కౌన్సెలర్‌ని కూడా ఒకసారి కలవమనండి. కాలేజీలకి వాళ్ళు పంపే లేఖలో దీని గురించి రెండు ముక్కలు రాయగలరు. బయటి పెద్దమనిషి చెబితే మాటకి బరువు ఎక్కువ. వాళ్ళకి చాలామంది పిల్లలుంటారు కాబట్టి ఈ వారమే కలవాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు మామూలుగా ఇలాంటి లేఖలు అడగవు, అక్కడికి పంపుతుంటే తన ఆరు వాక్యాలే ఆధారం.

రాసినంత మాత్రాన ఆ సి చెరిగిపోదు, ఏ కాలేజీ ఎలా తీసుకుంటుందో నేను మాటివ్వలేను. ఈ సెమిస్టర్ గ్రేడ్లు కూడా జనవరి, ఫిబ్రవరిల్లో చాలా కాలేజీలకి వెళ్తాయి. ఈ గొడవలో తన ఈ ఏడాది క్లాసులు పాడవకుండా చూడండి, వాటి పని ఈ ఆరు వాక్యాల కన్నా ఎక్కువ.

సబ్‌మిట్ బటన్ అమ్మాయే నొక్కాలి. పంపేముందు తనంతట తను చూపిస్తే చదవండి, స్పెల్లింగు తప్పులుంటే చెప్పండి. చూపించకపోతే ఊరుకోండి. లాప్‌టాప్ మాత్రం ఇంకోసారి తెరవకండి.