బ్లాక్‌బెర్రీని మొదలంటా నరకకండి

అమ్మా, అమలాపురంలో మీ పెరటి బ్లాక్‌బెర్రీ మూడేళ్లుగా ఏపుగా పెరుగుతున్నా ఒక్క పువ్వూ పూయలేదని, ఏటా భోగి ముందు మొదలంటా నరికేస్తున్నానని రాశారు. పొరపాటు అక్కడే ఉంది.

ఈ మొక్క వేరు ఏళ్ల తరబడి బతుకుతుంది గానీ, ఒక్కో కొమ్మ ఆయుష్షు రెండేళ్లే. ఎక్కువ రకాల్లో మొదటి ఏడాది ఆకులే వేస్తుంది. రెండో ఏడు పక్క రెమ్మలకు పూసి, కాసి, ఎండిపోతుంది. అంటే పూయబోయే కొమ్మలనే మీరు తీసేస్తున్నారు! దగ్గరగా చూడండి: లేత కొమ్మ పచ్చగా ఉంటుంది, కాసిన కొమ్మ గోధుమ రంగుకు తిరిగి బెరడు పెళుసుబారుతుంది. ఆ ఎండినదాన్నే నేలమట్టంగా కోయండి. లేత కొమ్మలు నడుము ఎత్తు దాటగానే చివర నాలుగు వేళ్ల మేర తుంచండి, పక్క రెమ్మలు వస్తాయి.

ఒక మాట దాచకూడదు. చాలా రకాలు బాగా పూయాలంటే చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలాలి. కోనసీమలో అంత చలి ఎక్కడిది? తక్కువ చలి చాలే రకమైతేనే ఆశ. ఒక్క ఏడాది నరకకుండా చూడండి. అప్పటికీ పూయకపోతే మల్బరీ నాటండి. కొమ్మలు కత్తిరించి ఆకు దూస్తే కొత్త చిగురుతోపాటే కాయ వస్తుంది. ఏది నాటినా మట్టి ఎత్తు చేసి నాటండి, మన నల్లమట్టిలో వాన నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది.