నీ స్నేహితుడి జీవితం రాయబోయే ముందు

చిన్నతల్లికి, ప్రభువు నామంలో మామయ్య వందనాలు.

నీతో చదువుకున్న అబ్బాయి జ్ఞాపకార్థ సంచికలో అతని జీవితం రాసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ఏడుపు ఆగకపోతే రెండు రోజులు ఆగి మొదలుపెట్టు. సంఘ పత్రికకు వచ్చే ఇలాంటి రాతలు చాలాకాలం దిద్దినవాణ్ణి కనుక నాకు తోచింది చెబుతున్నాను.

భక్తిపరుడు, ప్రార్థనాపరుడు, వినయశీలి అంటూ మొదలుపెట్టకు. ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి, చదివేవాళ్లకు మాత్రం ఆ అబ్బాయి కనిపించడు. అతను చేసింది రాయి. పరీక్ష ముందు రాత్రి ఎవరి పక్కన కూర్చుని లెక్కలు చెప్పాడు? హాస్టల్లో జ్వరమొచ్చిన వాడికి గంజి ఎవరు తెచ్చారు? ప్రార్థనాపరుడన్న సంగతి ఆ పనులే చెబుతాయి.

ఇటలీలో టురిన్ నగరపు విద్యార్థి పియెర్ జార్జో ఫ్రస్సాతి గురించి నీకు చెప్పాలి. 1901లో పుట్టాడు. తండ్రి ‘లా స్టాంపా’ దినపత్రిక అధిపతి, జర్మనీలో రాయబారిగా కూడా చేశాడు. ఆ ఇంట్లో భక్తికి పెద్దగా చోటు లేదు. అలాంటి ఇంటి కొడుకు గని కార్మికుల మధ్య బతకాలనుకుని గనుల ఇంజినీరింగులో చేరాడు, తీరిక దొరికితే పేదల ఇళ్లకు వెళ్లేవాడు. పట్టా అందకుండానే 1925 జూలై 4న పోలియోతో కన్నుమూశాడు. అప్పటికి 24 ఏళ్లు. చనిపోవడానికి ముందురోజు, చచ్చుబడుతున్న చేత్తో వంకరటింకరగా ఒక చీటీ రాశాడు. ఒక పేద రోగికి చేర్చాల్సిన ఇంజెక్షన్ల సంగతీ, తాకట్టు రశీదు సంగతీ అందులో ఉన్నాయి. అంత్యక్రియలకు వీధుల నిండా పేదలు వచ్చారు. తమ అబ్బాయి ఇంతమందికి కావలసినవాడని ఇంట్లోవాళ్లకు అప్పుడు తెలిసింది. 2025 సెప్టెంబరు 7న పోపు అతన్ని పునీతుడిగా ప్రకటించారు. అయినా నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ చీటీయే.

అందుకే అమ్మానాన్నలతో మాట్లాడి ఊరుకోకు. వాళ్లకు తెలియనిది చాలా ఉంటుంది. మెస్‌లో గిన్నెలు కడిగే ఆవిడను అడుగు, వాచ్‌మన్‌ను అడుగు, అతనితో పడని క్లాస్‌మేట్‌ను కూడా అడుగు. అతని దగ్గర డబ్బు సాయం పొందినవాళ్ల పేర్లు మాత్రం రాయకు. ఇచ్చినవాడు గుట్టుగా ఇచ్చాడు, మనం బయటపెట్టకూడదు. ప్రార్థనల డైరీ దొరికితే, అమ్మానాన్నలు ఒప్పుకున్నా అందులో పాపపు ఒప్పుకోళ్లున్న పేజీలు ముట్టుకోవద్దు. అవి దేవుడితో చెప్పుకున్న మాటలు.

లోపాలు దాచకు. ఫ్రస్సాతి లాటిన్‌లో తప్పాడు, పైపు కాల్చేవాడు, స్నేహితులను ఆట పట్టించేవాడు. అవి తెలిసినందుకే కుర్రవాళ్లు అతన్ని దగ్గరివాడిగా చూస్తారు. మీవాడికి కోపం ఎక్కువైతే కోపమనే రాయి, తరవాత వెళ్లి క్షమాపణ అడిగి ఉంటే అదీ రాయి. అడగకపోతే కల్పించొద్దు.

‘బతికుంటే గొప్ప దైవసేవకుడయ్యేవాడు’ అన్న వాక్యం దాదాపు ప్రతి రాతలోనూ వస్తుంది. నేను కనబడిన చోటల్లా కొట్టేసేవాణ్ణి. రాబోయే జీవితానికి సిద్ధపడుతూ పోయాడని కాదు తల్లీ, కాలేజీలో గడిపిన ఆ రోజులే అతని జీవితం. ఫ్రస్సాతి ఇంజినీరు కాలేదు, చర్చిలో మతగురువూ కాలేదు, విద్యార్థిగానే పోయాడు. అదేమీ తక్కువ కాలేదు.

మరణం దగ్గరికి వచ్చేసరికి కలం తడబడుతుంది. ‘మంచివాళ్లను దేవుడు తొందరగా పిలుచుకుంటాడు’ అని రాయకు. ఆ సంచిక ముందుగా చదివేది అతని తల్లి. చనిపోయిన లాజరు కోసం అతని తోబుట్టువు మరియ ఏడుస్తుంటే ప్రభువు కూడా కన్నీళ్లు విడిచాడు. ఆమెను ఊరుకోమనలేదు. ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పు. జబ్బు వివరాలు ఎంతవరకు రాయాలో కుటుంబాన్ని అడుగు. పునరుత్థాన నిరీక్షణ గురించి రాయాలనిపిస్తే నీ సొంత మాటల్లో, నువ్వు నమ్మినంత వరకే రాయి.

నాలుగు పేజీలు దాటనివ్వకు. పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ చర్చి రిజిస్టర్‌లో చూసుకో, జ్ఞాపకం మీద ఆధారపడకు. ముద్రణకు ఇచ్చే ముందు వాళ్ల ఇంటికి వెళ్లి ఆ తల్లికి మొత్తం చదివి వినిపించు. ఆమె ఒక్క వాక్యం వద్దన్నా తీసెయ్. చిత్తుప్రతి ఎలా ఉన్నా నాకు పంపు, దిద్ది మర్నాడే తిప్పి పంపుతాను.

ప్రేమతో,
మీ మామయ్య